దుప్పటి కింద పిల్లలు

చిన్నకోడలు "సరే అక్కా" అంది. పోయిన వారం మనం ఆ మాట దగ్గరే ఆగాం. చదివినవాళ్ళలో సగం మంది ఆమెకు మతి పోయిందనుకుని ఉంటారు. మిగతా సగం, ఎప్పటిలాగే భయపడి లొంగిపోయిందనుకుని ఉంటారు. రెండూ కాదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఆ ఇంటి సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. కింద ఫోటో స్టూడియో, పైన మూడు వాటాల్లో ముగ్గురు అన్నదమ్ముల కాపురాలు. బంధువుల్లో ఏ పిల్లకైనా ఆటలమ్మ సోకితే ఆ పిల్లను రప్పించి, ఇంట్లో పిల్లలందరినీ పక్కన చేర్చి, ఒకే దుప్పటి కప్పి పడుకోబెట్టడం వాళ్ళ పద్ధతి. అందరికీ ఒక్కసారే వచ్చిపోతే పీడా విరగడవుతుందని అత్తగారు మొదలుపెట్టింది. ఆవిడ మంచం పట్టాక దుప్పటి పెత్తనం పెద్దకోడలి చేతికి వచ్చింది. నాలుగేళ్ల కిందట చిన్నకోడలు కూతురికి టీకా వేయించాలనుకుని ఆసుపత్రిలో మాట్లాడి కూడా వచ్చింది. టీకా వేస్తామన్న రోజు ఇంకా రానేలేదు. ఆమె కింద స్టూడియోలో పనిలో ఉండగా, పెద్దకోడలు మాటమాత్రమైనా అడక్కుండా ఆ పిల్లను దుప్పటి కిందకు చేర్చేసింది. పిల్లకు వారంలో తగ్గిపోయింది. పక్కనే కూర్చుని ఒంటికి మందు రాసిన తండ్రికి అంటుకుంది. చిన్నప్పుడు రాని ఆటలమ్మ పెద్దయ్యాక వచ్చి, ఊపిరితిత్తుల్లోకి దిగి, మనిషినే తీసుకుపోయింది. అప్పటికి కడుపులో ఉన్న బుడ్డోడు తండ్రి ముఖమే చూడలేదు.

ఇన్నాళ్ళూ చిన్నకోడలు తన రాత ఇంతేననుకుని నోరు కట్టుకుని బతికింది. పోయిన నెల బుడ్డోడికి గుట్టుగా టీకా వేయించడానికి పిల్లల ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి నర్సు ఆమెను గుర్తుపట్టి, మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పింది. టీకాలన్నీ డబ్బు గుంజే నాటకాలని ఊరంతా చాటిన పెద్దకోడలు, తన ఒక్కగానొక్క కొడుక్కి మాత్రం అదే టీకా ఎప్పుడో వేయించిందట. ఎవరికీ చెప్పొద్దని నర్సు చేతులు పట్టుకుని బతిమాలిందట. ఆ మాట విన్నప్పటి నుంచి చిన్నకోడలికి తిన్నది ఒంటబట్టలేదు.

ఇప్పుడు ఆడపడుచు కూతురికి ఆటలమ్మ. ఆదివారం దుప్పటి దించుతానంది పెద్దకోడలు. సరే అక్కా, పిల్లను నేనే వెళ్లి తీసుకొస్తానంది చిన్నకోడలు. ఇక అక్కణ్ణుంచి.

ఆ పిల్లను అందరూ పిచ్చుక అంటారు. నోరు మూతపడదు కనక ఆ పేరు. ఆ ఆదివారం ఆటోలో మాత్రం ఒక్క మాట లేదు. ముఖం నిండా నీటి పొక్కులు, మెడ మీద గీరుకున్న చారలు. చిన్నకోడలి పనే ముఖాలు. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని ఒకరి మొటిమ, ఇంకొకరి మచ్చ, మరొకరి కంటి కింది నలుపు తుడిచేస్తూ ఉంటుంది. ఆ పిల్ల చెంపలు చూస్తే అలవాటు కొద్దీ వేలు కదిలింది. పాపం అనిపించింది కూడా. అనిపించింది గానీ, ఆమె లోపల రగులుతున్న మంట ముందు ఆ జాలి ఎంతసేపు నిలుస్తుంది?

"చిన్నత్తా, అమ్మమ్మ వాళ్ళింట్లో అందరికీ నాలాగే వస్తుందా?" అని అడిగింది పిచ్చుక, చాలాసేపటికి.

"రాదు. నువ్వేం దిగులు పెట్టుకోకు" అంది చిన్నకోడలు. ఆ సమాధానం ఆమె నిజమనుకునే చెప్పింది.

ఎందుకంటే ఆమె అన్నీ ఆలోచించుకునే దిగింది. బుడ్డోడికి టీకా పడింది. కూతురికి ఒకసారి వచ్చిపోయింది, పైగా పెద్దల మాటలు చెవిన పడకూడదని స్నేహితురాలి ఇంటికి పంపేసింది. తనకు చిన్నప్పుడే వచ్చింది, కనుబొమ్మ పక్కన ఆ గుంట ఇప్పటికీ ఉంది. పెద్దకోడలికీ వచ్చిపోయిందే. ఇక రెండో కోడలి కవలలు మిగిలారు. వాళ్ళ మీద దుప్పటి పడకముందే తాను నోరు విప్పుతుంది. ఒకవేళ గాలి సోకినా, రోగి దగ్గర మెలిగిన వెంటనే టీకా వేయిస్తే చాలావరకు ఆగుతుందని నర్సును అడిగి తెలుసుకుంది. రేపే తీసుకెళ్ళి వేయిస్తుంది. బావగార్లిద్దరూ పెళ్ళి ఫోటోలకు పొరుగూరు వెళ్ళారు, సాయంత్రానికి గానీ రారు. అడ్డుపడేవాళ్ళు లేరు.

ఆమెకు కావలసింది ఒక్కటే. "నీ మొగుడు నా వల్లే పోయాడు" అని పెద్దకోడలు తన నోటితో అనాలి. అదీ చాటుగా కాదు. పెద్దకోడలి మాటే వేదంగా బతికే రెండో కోడలి ముందు అనాలి. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆవిడ తలెత్తుకుని ఎలా తిరుగుతుందో చూడాలి. ఆ చూపు కోసమే చిన్నకోడలు నెల రోజులుగా నవ్వు ముఖం పెట్టుకుని ఆవిడ పక్కన కూర్చుని కూరలు తరిగింది.

పైన మధ్య హాల్లో చాప పరిచి ఉంది. పెద్దకోడలు స్టూలెక్కి, అల్మారా పైనుంచి ఆ నీలం దుప్పటి దించుతోంది. దుమ్ము దులిపింది, దగ్గింది, మళ్ళీ దులిపింది. ఆవిడ ఏ పని చేసినా నలుగురూ చూడాలి.

"తెచ్చావా? రావే పిచ్చుకా, రా. బాగా పొక్కాయే! మంచిదే, మంచిదే" అంది, సంతలో సరుకు ఎంచుతున్నట్టు.

పిచ్చుక బిక్కముఖం వేసింది. గుమ్మంలో నిలబడ్డ రెండో కోడలు అది చూడలేక గబగబా వచ్చి పిల్లను ఎత్తుకుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, లోషన్ సీసా మూత తీసి, దూదితో మెడ మీద అద్దడం మొదలుపెట్టింది. ఆమె మనసు అలాంటిది, ఎవరి పిల్ల ఏడ్చినా తన పిల్లే. నాలుగేళ్ల కిందట ఆ గొడవంతా జరిగినప్పుడు ఆమె ఇక్కడ లేదు. కవలల కాన్పుకు పుట్టింట్లో ఉంది. మరిది న్యుమోనియాతో పోయాడని చెప్పారు, అంతవరకే ఆమెకు తెలుసు.

పెద్దకోడలు దిండ్ల కోసం లోపలికి వెళ్ళిన సందు చూసి, రెండో కోడలు గొంతు తగ్గించింది.

"చెల్లీ, మా పిల్లల డాక్టరు టీకా వేయించమంటున్నాడు. అక్కేమో వద్దంటుంది. రాత్రంతా నిద్ర లేదంటే నమ్ము. నువ్వు నిజంగానే బుడ్డోణ్ణి పడుకోబెడుతున్నావా?"

"ఆ."

"ఒంటరిగా పిల్లల్ని సాకుతున్నావు, నీ అంత భయం ఈ ఇంట్లో ఎవరికీ ఉండదు. నువ్వే ధైర్యం చేస్తుంటే ఇంక నాకేంటి? నిన్ను చూసే మా వాళ్ళని తీసుకొచ్చాను."

చిన్నకోడలికి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ క్షణంలో చెప్పేసి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది. కాని పెద్దకోడలు దిండ్లతో తిరిగొచ్చింది, ఆవిడ ముఖం మీది ఆ పెత్తనపు నవ్వు చూడగానే చిన్నకోడలు ఆ మాట కాస్తా మింగేసింది. ఇంకొంచెంసేపే కదా అనుకుంది.

"ఊఁ, పిచ్చుక మధ్యలో. ఈ పక్క బుడ్డోడు, ఆ పక్క కవలలు. కానివ్వండి" అంది పెద్దకోడలు.

బుడ్డోడు ఆటనుకుని ముందే వెళ్ళి చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. కవలలు వాడి మీద పడి దొర్లారు.

"దొర ఏడీ అక్కా?" అంది చిన్నకోడలు. పెద్దకోడలి కొడుకును ఇంట్లో పిలిచే పేరు అది.

"ట్యూషన్‌కి వెళ్ళాడు. వాడెందుకిప్పుడు?"

"పోయినసారి వాడికి రాలేదుగా. ఈసారి వాణ్ణే మధ్యలో పడుకోబెడదాం. వచ్చిపోతే నీకూ నిశ్చింత."

పెద్దకోడలు నవ్వింది. "వాడికెందుకే! వాడిది ఇనుము ఒళ్ళు. ఆ రోజు అందరికంటే ఎక్కువసేపు దొర్లింది వాడే. ఒక్క పొక్కు లేచిందా? చెప్పు. కొందరి పుట్టుకే అంత."

"ఇనుములోకి సూది ఎలా దిగిందక్కా?"

దుప్పటి విప్పుతున్న చేతులు ఆగాయి. "ఏ సూది?"

"పిల్లల ఆసుపత్రిలో వేయించిన సూది. ముఖానికి కొంగు కప్పుకుని తీసుకెళ్ళావటగా. నేను ఎంత పిచ్చిదాన్నో చూడు, నీ కొంగు మాసిపోతే ఇన్నాళ్ళూ ఉతికి ఆరేశాను."

రెండో కోడలు దూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అక్క ముఖంలోకి, చెల్లి ముఖంలోకి మార్చి మార్చి చూసింది.

పెద్దకోడలు గట్టి పిండం. తడబాటంతా ఒక్క గుటకలో దాచేసుకుంది. "అవునే, వేయించాను. మరిది పోయాక వేయించాను. నిండు మనిషి కళ్ళముందు పోతే భయం వెయ్యదూ? కన్నతల్లిని కాదూ? దానికి నన్ను బోనెక్కిస్తావా?"

"అదీ నిజమేగా చెల్లీ" అంది రెండో కోడలు, సంగతి సగమే అర్థమైనా గొడవ సర్దుకుంటుందేమోనన్న ఆశతో.

చిన్నకోడలు ఈ అబద్ధం కోసమే కాచుకుని ఉంది. ఆవిడ తప్పించుకునే దారి ఇదొక్కటేనని ఆమెకు ముందే తెలుసు. ఆ దారి చివర నిలబడి ఉండటంలో ఉన్న సుఖం ఎలాంటిదో, పగ పట్టినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

"ఆ నర్సు పెళ్ళికి ఫోటోలు తీసింది మనమే అక్కా. ఆల్బం చేసింది నేను. పెళ్ళికూతురి ముఖం నిండా మొటిమలు, ఒక్కొక్కటీ తుడిచాను. నువ్వు నా కూతుర్ని దుప్పటి కిందికి లాగిన రోజు నేను కింద కూర్చుని చేస్తున్నది ఆ ఆల్బమే. దాన్ని ఆవిడకి ఇచ్చొచ్చింది ఎవరు? మా ఆయన. తిరిగొచ్చి ఒళ్ళు వెచ్చగా ఉందన్నాడు. ఇక లేవలేదు. గుర్తుందా?"

పెద్దకోడలు విప్పిన దుప్పటిని మళ్ళీ మడవబోయింది.

"నువ్వు దొరని తీసుకెళ్ళిన రోజు ఆవిడ నిన్నేం అడిగింది? మా ఆల్బం ఇంకా ఎప్పుడిస్తారండీ అని అడిగిందట, ఆవిడే నాతో చెప్పింది. ఇదిగో అదిగో అన్నావట. ఆల్బం చేతికందకముందు వేసిన సూది, మా ఆయన పోయాక వేసిన సూది ఎలా అవుతుందక్కా? చెప్పు, నాకు లెక్కలు రావు."

పెద్దకోడలు దుప్పటి మీదే కూలబడింది. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి, కూర్చుంటే ఇంతేనా అనిపించింది చిన్నకోడలికి. చూసింది. కళ్ళారా చూసింది. నాలుగేళ్లు ఆకలితో ఉన్నవాళ్ళు విస్తరి ముందు కూర్చున్నట్టు చూసింది.

"మూడు కడుపులు నిలవలేదు నాకు" అంది పెద్దకోడలు, నేల చూపులు చూస్తూ. "వాడొక్కడే దక్కాడు. వాణ్ణి పణం పెట్టడానికి నా ప్రాణం ఒప్పలేదు. అత్తయ్యకి తెలిస్తే నన్ను గడప తొక్కనిచ్చేదా? మంచంలో ఉండి కూడా దుప్పటి వేశావా, వేశావా అని రోజూ అడిగేది. వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదనేది. అందుకే వేశాను. వాణ్ణే ముందు పడుకోబెట్టాను, ఎవరికీ అనుమానం రాకూడదని."

"నీవాడికి ఏమీ కాదని తెలిసి, నా పిల్లని పక్కన పడేశావు."

"పిల్లలకి వారంలో తగ్గిపోతుందనుకున్నానే! మరిదికి చిన్నప్పుడు రాలేదని నాకేం తెలుసు?"

"అడిగావా?"

పెద్దకోడలు తల ఇంకా దించుకుంది.

"అడిగావా అంట! మాటకి ముందు అందరి గుట్టూ అడుగుతావుగా. ఎవరింట్లో ఏం వండారో అడుగుతావు, ఎవరి జాకెట్టుకి ఎంతయిందో అడుగుతావు. ఇది మాత్రం అడగలేదు. చెప్పక్కా. నా మొగుడు ఎవరి వల్ల పోయాడు? చిన్నక్క వింటోంది. చెప్పు."

"వద్దు చెల్లీ, పిల్లలున్నారు" అంది రెండో కోడలు.

"ఉండనీ."

పెద్దకోడలు తల ఎత్తింది. ఒకసారి గుమ్మం వైపు చూసింది, ఎవరైనా వచ్చి కాపాడతారేమోనని. ఎవరూ రాలేదు.

"నా వల్లే" అంది. "నా వల్లే పోయాడు. చాలా? నీ కడుపు నిండిందా?"

నిండాలి మరి. ఈ మాట వినగానే గుండె దూదిపింజలా తేలికవుతుందని అనుకుంది చిన్నకోడలు. అవలేదు. ఏడుపు వచ్చింది, దాన్ని ఆపుకుంది, ఆపుకున్నందుకు ఇంకా కోపం వచ్చింది. ఇంత చిన్న మాటా? దీనికోసమా? ఇంకేదైనా అనిపించాలని, ఇంకా లోతుగా గుచ్చాలని మాటలు వెతుక్కుంటోంది.

ఆలోపే రెండో కోడలు నెమ్మదిగా అడిగింది. "చెల్లీ, దొరకి సూది పడింది. సరే. మరి బుడ్డోడికి?"

చిన్నకోడలు చాప మీది బుడ్డోడి వైపు చూసింది.

"నిన్నే అడుగుతున్నా. నీ కొడుకు చాప మీద పడుకుని ఉన్నాడు. నిన్ను చూసే నా పిల్లల్ని తెచ్చాను. వాడికి టీకా పడిందా, లేదా?"

"పోయిన నెల వేయించాను."

రెండో కోడలు తల ఊపింది, అర్థమైందన్నట్టు. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వినడం తేలికగా ఉండేది. "అంటే ఆవిడ కొడుక్కి అక్కర్లేదు, నీ కొడుక్కి అక్కర్లేదు. ఈ దుప్పటి నా పిల్లలిద్దరి కోసమే పరిచారన్నమాట. మీరిద్దరూ కొట్టుకోవడానికి నా పిల్లలు కావలసొచ్చారు."

"అది కాదు చిన్నక్కా. కప్పకముందే ఆపుదామనుకున్నా. రేపు పొద్దున్నే నేనే తీసుకెళ్ళి టీకా వేయిస్తాను. ఇప్పుడు వేయించినా పనిచేస్తుంది, నేను అడిగాను. నీ మీద ఒట్టు, వాళ్ళకేం కాదు."

"వాళ్ళకేం కాదు. బాగుంది. నాకు?"

"నీకేంటి? నీకు చిన్నప్పుడు వచ్చే ఉంటుందిగా?"

"లేదు."

పిచ్చుక నిద్రలోకి జారి, తల రెండో కోడలి భుజానికి ఆనించింది. పొక్కుల చెంప ఆమె మెడకు తగులుతోంది. ఆమె ఆ పిల్లను పక్కకు జరపలేదు.

"మా ఇంట్లో నేనొక్కదాన్నే పిల్లని. నాకెప్పుడూ రాలేదు. మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది, అదృష్టవంతురాలివే నువ్వని." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఇంకో సంగతి. మొన్ననే తెలిసింది. మా ఆయనకి కూడా ఇంకా చెప్పలేదు. ఆదివారం కదా, సాయంత్రం అందరూ ఉన్నప్పుడు చెబుదామని దాచుకున్నాను. నాకు మళ్ళీ నెల తప్పింది."

నాకేం తెలుసు అనబోయి చిన్నకోడలు నాలుక కరుచుకుంది. చెయ్యి చాచి పిచ్చుకను అందుకోబోయింది. రెండో కోడలు ఇవ్వలేదు.

నేల మీది నుంచి పెద్దకోడలు లేచింది. ఆవిడ వెన్ను మళ్ళీ నిటారుగా అయింది. "చూశావా? నాలుగేళ్ల కిందట నేను. ఇవాళ ఈ పిల్లని ఆటో ఎక్కించి తెచ్చింది ఎవరే? నేనా?" అంది. కిందపడ్డ మనిషికి చేతికందిన రాయి అది, విసరకుండా ఎందుకుంటుంది?

చిన్నకోడలు ఆ మాట వినిపించుకోలేదు. కడుపుతో ఉన్నవాళ్ళకు ఆ టీకా వెయ్యకూడదని కూడా నర్సే చెప్పింది. ఫోను కోసం చుట్టూ చూస్తోంది. ఏ డాక్టరు? ఏమని చెప్పాలి? ఆదివారం ఎవరుంటారు? ఆమె ఎవరి ముఖం వైపూ చూడటం లేదు, ముఖ్యంగా ఒక ముఖం వైపు.

రెండో కోడలు పిల్లను సర్దుకుని, అచ్చం కూర ఎలా వండాలో కనుక్కుంటున్నంత మామూలుగా అడిగింది.

"నేనప్పుడు ఇక్కడ లేను చెల్లీ. న్యుమోనియా అన్నారు, ఊరుకున్నాను. ఇప్పుడు దాచకుండా చెప్పు. మరిదిగారికి ముందు ఏం వచ్చింది? జ్వరమా, పొక్కులా? ఊపిరి ఎప్పుడు ఆడకుండా పోయింది?"